తుమ్మ కంపలో ఎద్దుపురుగులు

మొన్న గద్వాలలో మా ఇంటి ముందున్న తుమ్మ కొమ్మలు వైర్లకు తగులుతున్నాయని కరెంటువాళ్లు కొట్టి రోడ్డు పక్కన పడేశారు. ఎండకు వాడుతున్న ఆ ఆకుల పచ్చి వాసన వంటింటి దాకా వచ్చేసరికి పొయ్యి ఆపేసి కూర్చుండిపోయాను.

ఆ వాసనలో నేను చాలా రోజులు ఉన్నాను. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, వడ్డేపల్లి దగ్గరి మా ఊళ్లో, ఏడో తరగతి చదువుతూ పెద్దమనిషినయ్యాను. అలాంటప్పుడు మా ఇళ్లల్లో మేనమామ వచ్చి వాకిట్లో పచ్చికొమ్మల గుడిసె వేయాలి, స్నానం పోసే దాకా పిల్ల అందులోనే ఉండాలి. మా అమ్మ తమ్ముడు కానుగ కొమ్మలతో గుడిసె వేసి, మేకలు ఆకు తినకుండా చుట్టూ తుమ్మ కంప పేర్చాడు. పుణెలో మేస్త్రీ పని చేసి చేసి మేకల సంగతి మరిచినట్టున్నాడు, అవి వచ్చి ముందు తుమ్మాకే తిన్నాయి. అవ్వ, అంటే మా అమ్మమ్మ, ఆ రోజంతా కొడుకును ఆడిపోసుకుంది.

అమ్మ పొద్దున్నే, విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలోకి పోయేది. నాకు వేరే చాప, వేరే పళ్లెం, అందులో నువ్వులుండలు, బెల్లం, ఎండుకొబ్బరి, నెయ్యి పూసిన జొన్నరొట్టె. పండగకు కూడా అంత తిండి పెట్టని ఇల్లు అది, అయినా ముద్ద దిగేది కాదు, ఎందుకంటే బడి గంట వినబడేది, తొక్కుడుబిళ్ల ఆడే నా జతగాళ్ల గొడవలు వినబడేవి, మధ్యలో అడ్డం ఉన్నవి ఆకులే అయినా దాటి పోయే వీలు లేదు.

ఒకరోజు కంపలో ముల్లొకటి నడిచింది. చూస్తే పురుగు. కందిగింజంత ఒళ్లు, మట్టిరంగు, ఎద్దుకున్నట్టు చెరోవైపు కొమ్ము, వీపు మీద వెనక్కి వంగిన మరో ముల్లు. చేనుగట్టు తుమ్మల మీద కనిపించే వీటిని మేం ఎద్దుపురుగులనేవాళ్లం. లేతకొమ్మ రసం పీలుస్తూ వరుసగా కూర్చుంటాయి, అవి విడిచే తీపి కోసం చీమలు వాటి చుట్టూ తిరుగుతుంటాయి. వేలు పెడితే కొమ్మ అవతలి పక్కకు జరుగుతాయి, వేలు తీస్తే మళ్లీ వస్తాయి. పొద్దంతా వాటితోనే నా ఆట.

“అవ్వా, బడికెప్పుడు పోవాలె?” అని ఆకుల్లోంచి అడిగాను.

“ఇగ బడేంది బిడ్డా. పెద్దదానివైతివి,” అంది అవ్వ, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

ఆ ఇంట్లో నా మాట వినేది మామ ఒక్కడే. కంప ఎండిపోతోంది, పురుగులు చస్తాయంటే, పనిమాలా గట్టుకు పోయి చీమలతో సహా పచ్చికొమ్మ తెచ్చిచ్చాడు.

“మామా, బడి సంగతి నువ్వన్న అమ్మకు జెప్పు.”

“జర ఓపిక పట్టు. అక్కతోని మాట్లాడత.”

ఆ మాట మీదే మిగతా రోజులు గడిపాను. చివరి రోజు స్నానం పోశారు, కొత్త బట్టలు కట్టారు, గుడిసె పీకి కాల్చడానికి అగ్గిపెట్టె తెచ్చారు. పురుగులున్న కొమ్మ మామకిచ్చి గట్టున పెట్టి రమ్మన్నాను. నవ్వుతూ పోయి, తుమ్మచెట్టు పంగలో జాగ్రత్తగా పెట్టి వచ్చాడు.

“అమ్మతోని మాట్లాడినవా?”

నేను ఆకుల లోపల పురుగులతో ఆడుకుంటున్నప్పుడు, బయట వాకిట్లో పెద్దవాళ్లు నన్ను ఆయనకే ఇవ్వాలని ఖాయం చేశారట. ఆయన సరేనన్నాడట. నేను మళ్లీ బడికి పోలేదు.

ఆ గట్టు మీద ఇప్పుడు తుమ్మలు లేవు, ఎద్దుపురుగులూ లేవు. మా ఊళ్లో పచ్చికొమ్మల గుడిసె ఎవరూ వేయడం లేదు, అది పోయినందుకు నాకేం బాధ లేదు. పోయినేడు మా పాప పెద్దమనిషయితే నాలుగు రోజులకే బడికి పోయింది. దింపి వచ్చింది వాళ్ల నాయనే, మా మామే. ఇప్పటికీ రోజూ ఆయనే దింపుతాడు. బండి మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడి చూస్తాను. సంతోషంగానే ఉంటుంది, కన్నబిడ్డ మీద అసూయగానూ ఉంటుంది.