చూడ్డానికే పూలు కొన్న సత్తయ్య సార్

మాఘమాసపు చలి ఇంకా పూర్తిగా వదలని ఒక గురువారం ఉదయం, బేగంపేటలోని మా ఆఫీసులో ఉత్తరం టైపు చేస్తుండగా యాదమ్మ ఫోన్ చేసింది. యాదమ్మ అమీర్‌పేటలో సత్తయ్య సార్ అద్దెకున్న ఇంటి యజమానురాలు. "మేడం, సార్ పోయిండు. పొద్దుగాల చాయ్ తీస్కపోతే తలుపు తీయలే. నిదుర్లనే పానం బోయింది" అంది. "సరేనమ్మా, వస్తున్నాను" అన్నాను. ఫోన్ పెట్టేసి ఉత్తరం పూర్తిచేశాను. ఒక్క అచ్చుతప్పు కూడా పోలేదు. ప్రింటు తీసి, అధికారి బల్ల మీద పెట్టి, తిరిగొచ్చి నా కుర్చీలో కూర్చున్నాక గాని నాకు ఏడుపు రాలేదు. మనసు ఎక్కడ ఉన్నా వేళ్ళ పని వేళ్ళు చేసుకుపోవాలని నేర్పింది ఆయనే. ఆ విద్య ఆయన మరణవార్త విన్న రోజునే ఇంత నిర్దయగా పనిచేస్తుందని నేను ఊహించలేదు.

ముప్పయ్యేళ్ళకు పైగా మైత్రీవనం ఎదుటి సందులో, మూడో అంతస్తులో, మొదట టైపు మిషన్ల మీద, తర్వాత కంప్యూటర్ల మీద, వచ్చినవారందరికీ టైపు నేర్పిన ఆ మితభాషికి బిరుదులు లేవు. ఆయన భుజాన ఎవరూ శాలువా కప్పలేదు. ఆయన పోయిన మర్నాడు ఏ పత్రికలోనూ నాలుగు పంక్తులు రాలేదు. అయినా ఈ నగరంలో ఏ కార్యాలయానికి వెళ్ళినా, కీబోర్డు వంక చూడకుండా టకటకా కొట్టేవారు ఒకరైనా ఆయన శిష్యులై ఉంటారు. అలాంటివారు చదివి ఒక్క నిమిషం ఆగుతారని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. అది చివర చెబుతాను, ఇప్పుడే చెప్పే ధైర్యం లేదు.

నేను ఆయన దగ్గరికి వెళ్ళింది పన్నెండేళ్ళ కిందట, నా భర్త మరణించిన ఆరు నెలలకు. టైపింగ్ పరీక్ష పాసైతే మా ఆయన పనిచేసిన ఆఫీసులోనే నాకు ఉద్యోగం ఇస్తామన్నారు. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, పిల్లాజెల్లా లేని మనిషిని, ఇరవయ్యేళ్ళ కుర్రకారు మధ్య కూర్చుని వేళ్ళు వంచడం మొదలుపెట్టాను. ఆ గదికి కిటికీ లేదు. పట్టపగలు కూడా ట్యూబులైటు వెలుగుతూనే ఉండేది. గోడల నిండా ఫ్లెక్సీలు, బల్లల నిండా బ్యాగులు. వాటన్నిటి మధ్య సార్ బల్ల మీద, కడిగిన పచ్చడి సీసాలో, వరసగా మొగ్గలున్న ఒక గ్లాడియోలస్ పూలకాడ నిటారుగా నిలబడి ఉండేది.

మనవాళ్ళకు పువ్వంటే ఏదో ఒక పని ఉండాలి. దేవుడి పటానికో, ఆడవాళ్ళ జడకో, గుమ్మానికో, పెళ్ళిపందిరికో, ఆఖరికి శవానికో. ఏ పనీ లేకుండా నీళ్ళలో నిలబడ్డ పువ్వును చూస్తే మనకు తోచదు. మా బ్యాచీలో ఒక కుర్రవాడు ఉండబట్టలేక అడిగేశాడు: "సార్, గిది దేనికి పనికొస్తది?" సార్ కళ్ళజోడు పైనుంచి వాణ్ణి చూశారు. "అమీర్‌పేటల అన్నీ పనికొచ్చేటివే ఉన్నయి బిడ్డా. నువ్వు సుత పనికొచ్చేతందుకే వచ్చినవ్. జర గీ ఒక్కదాన్నన్న ఖాళీగ కూసోనియ్యి" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆరు నెలల్లో అదే మొదటిసారి.

పూలు ఆయన పంజాగుట్టలో కొనేవారు, ప్రతి శనివారం పొద్దున్నే. అక్కడ బొకేలు కట్టే ఒకామెకు ఆయన పెద్ద చిక్కుప్రశ్న. మొదటిసారి "దేవునికా సారూ, అమ్మగారికా?" అని అడిగిందట. "చూసెటందుకు" అన్నారట ఈయన. "చూసెటందుకైతే ఈడ్నే నిలవడి చూస్కో సారూ, పైసలెందుకు దండుగ!" అందట ఆమె. ఈ ముచ్చట ఆయన మాకు ఎన్నిసార్లు చెప్పారో, చెప్పిన ప్రతిసారీ తానే ముందు నవ్వేవారు. తర్వాత్తర్వాత ఆమే గట్టి కాడలు, ఇంకా విచ్చుకోని మొగ్గలున్నవి ఏరి ఆయన కోసం పక్కన పెట్టేది.

పూల విషయంలో మాత్రం ఆయన చాదస్తుడు. కాడ చివర ఏటవాలుగా కోయాలి. నీళ్ళలో మునిగే ఆకులు గిల్లెయ్యాలి. పొద్దున్నే నీళ్ళు మార్చాలి, ఫ్యాను గాలి తగలనివ్వకూడదు. కింది పువ్వు వాడగానే తీసేస్తే పైమొగ్గ విచ్చుకుంటుంది. టైపులో తప్పు పోతే ఏమీ అనేవారు కాదు గాని, సీసాలో నీళ్ళు మార్చడం మరిచిన వాడికి ఆ రోజు చీవాట్లే. పుష్యమాఘాలు ఆయనకు పండుగ రోజులు. ఆ చలిలో కోసిన పువ్వు వారం పది రోజులు నిలుస్తుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని లోకమంతా సంతోషిస్తే, ఈయనొక్కరూ దిగాలుపడేవారు. ఎండ ముదిరితే మూడో రోజుకే పువ్వు తల వాల్చేస్తుందని.

ఆయన పాలమూరు వైపు ఉల్లి పండించే కుటుంబంలో పుట్టారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "యాళ్లకు కాలే, తర్వాత కుదర్లే" అని అక్కడితో ఆపేవారు. యాదమ్మ ఇంటి మీద, డాబా గదిలో ఒక్కరే ఉండేవారు. ఆ గదికి మాత్రం తూర్పు కిటికీ ఉంది. కార్తీకం రాగానే ఆ కిటికీలో సీసాలు బారులు తీరేవి. ఒక్కో సీసా మూతి మీద ఒక్కో గడ్డ. ఎర్రలిల్లీ గడ్డ ఒకటి, నేలసంపెంగ గడ్డలు రెండు, చివరన ఒక మామూలు ఉల్లిగడ్డ. గడ్డ అడుగు నీళ్ళకు తగిలీ తగలకుండా పెడితే తెల్లటి వేళ్ళు దిగేవి. వేళ్ళు బలిశాక కుండీలోకి మార్చేవారు. లిల్లీ ఏటా పూసేది. ఉల్లి మూడేళ్ళకోసారి పూస్తే గొప్ప, మిగతా ఏళ్ళు కుళ్ళి కంపు కొట్టేది. పూసిన ఏడు మాత్రం, పొడుగాటి కాడ చివర తెల్లటి పూలబంతిని చూడమని మమ్మల్నందరినీ మేడ మీదికి పిలిచేవారు. "ఉల్లిగడ్డను కోసి ఏడ్చినోళ్లు మస్తు మంది. పూయనిచ్చి చూసినోళ్లే లేరు" అనేవారు.

ఒక ఏడు యాదమ్మ ఆ గది ఊడ్వడానికి వెళ్ళి, మొలకొచ్చిన ఉల్లిగడ్డ పాడైపోతోందే అని జాలిపడి, దాన్ని తీసుకెళ్ళి కోసి పప్పులో వేసింది. సాయంత్రం ఆ పప్పే గిన్నెలో పెట్టి సార్‌కు పంపింది. "సారూ, మీ ఉల్లిగడ్డ కరాబైతుంటే కూరల ఏసిన, ఏమనుకోకుండ్రి" అని కూడా చెప్పింది. ఆయన కిటికీ వంక ఒకసారి చూసి, చేతులు కడుక్కుని, ఆ పప్పంతా తిన్నారు. గిన్నె తిరిగిస్తూ "మంచిగుంది యాదమ్మా" అన్నారు. మర్నాడు ఇంకో ఉల్లిగడ్డ కొనుక్కొచ్చి అదే సీసా మీద పెట్టారు. అసలు సంగతి యాదమ్మకు మేం చెప్పేదాకా తెలియదు. తెలిశాక ఆమె లెంపలేసుకుంటుంటే, "మా నాయిన చూస్తే ఆయన సుత పప్పులనే ఏస్తుండె, ఫికర్ చేయకు" అన్నారు.

ఆ నాయన ఉల్లిచేను సంగతి ఒకసారి నాతో చెప్పారు. "మాది ఇత్తనపు ఉల్లి అమ్మా. మాఘంల చేనంత తెల్లగ పూసేది. మేం ఒక్క దినం సుత నిలవడి చూడలే. పనే సరిపోయేది. అప్పుడు చూడని దాన్ని గిప్పుడు ఒక్కటొక్కటే చూస్తున్న."

నేను పరీక్ష పాసయ్యాను. ఉద్యోగం వచ్చింది. ఎస్.ఆర్. నగర్‌లో ఒక చిన్న వాటా అద్దెకు తీసుకున్నాను. అయినా శనివారం సాయంత్రాలు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళడం మానలేదు. క్లాసు అయిపోయాక తలా ఒక కప్పు చాయ్ తాగుతూ అరగంట కూర్చునేవాళ్ళం. మొదటి శనివారం వెళ్ళబోతుంటే ఆయన ఒక గ్లాడియోలస్ కాడను పాత పేపరులో చుట్టి ఇచ్చారు. నేను వెనక్కి జరిగాను. "నేను పువ్వులు పెట్టుకోకూడదు సార్" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు, జాలి కూడా చూపలేదు. "తలల పెట్టుకొమ్మని ఎవలన్నరమ్మా? గ్లాసుల పెట్టుండ్రి, సాలు" అన్నారు.

ఇంటికి తెచ్చి స్టీలు గ్లాసులో పెట్టాను. మర్నాటికి ఇంకో రెండు మొగ్గలు విచ్చుకున్నాయి. ఆ మాట ఆయనకు చెబితే, నా జీవితంలో నేను విన్న అన్ని ఓదార్పుల కన్నా పెద్ద ఓదార్పు, మామూలు గొంతుతో, చాయ్ ఊదుకుంటూ చెప్పారు: "ఒంటరి మనిషి ఇంట్ల పొద్దున ఏడ పెట్టిన గిన్నె సాయంత్రం దాంక ఆడ్నే ఉంటదమ్మా. తీసేటోళ్లు లేరు, జరిపేటోళ్లు లేరు. పువ్వొక్కటే మనం ఇంట్ల లేనప్పుడు సుత ఏదో ఒకటి జేస్తది. పోయొచ్చేవరకు జరంత విచ్చుకుంటది, లేకుంటే వాడిపోతది. ఏదైన మంచిదే. తలుపు తీస్తే కొత్త ముచ్చటొకటి ఉంటది." ఆ రోజు నుంచి తాళం తీసేటప్పుడు నా చెయ్యి కొంచెం తొందరపడేది. తొమ్మిదేళ్ళపాటు ఏ శనివారమూ నేను ఉత్త చేతులతో ఇంటికి రాలేదు.

ఆ తర్వాత నేను చేసిన పని రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. మూడేళ్ళ కిందట, ఇలాంటి మాఘంలోనే, అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో మా ఆఫీసామె నా చేతిలో పూల పొట్లం చూసింది. "ఎవరిచ్చారండీ?" అని అడిగింది. "మా సార్" అన్నాను. సోమవారానికల్లా ఆ మాటకు కాళ్ళొచ్చాయి, నెలలోపు మా మరిది దాకా నడిచాయి. మరిది మా ఇంటికొచ్చి, గ్లాసులోని పువ్వు వంక చూస్తూ కూర్చున్నాడు. "ఏంటి వదినా ఇది? మీ మీద నాకు నమ్మకం ఉంది. కానీ నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటున్నారు" అన్నాడు. ఆ నలుగురూ ఎవరని నేను అడగలేదు. నలుగురి నోళ్ళకు జడిసి, సార్‌కు ఫోన్ చేసి, "ఇకమీద శనివారాలు కుదరదు సార్, ఆఫీసులో పని ఎక్కువైంది" అని అబద్ధం చెప్పాను. "మంచిదమ్మా, పని జూస్కోండ్రి" అన్నారు. ఆయనకు తెలుసు. తెలిసి కూడా, నా అబద్ధాన్ని నాకే వదిలేశారు.

ఒక శనివారం పొద్దున బస్సులో పంజాగుట్ట మీదుగా వెళ్తుంటే ఆయన కనబడ్డారు. చంకలో పేపరు పొట్లం, రోడ్డు దాటడానికి నిలబడి ఉన్నారు. మనిషి బాగా చిక్కిపోయారు. సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది. కిటికీలోంచి పిలిస్తే వినబడేంత దూరం. నేను మొహం తిప్పుకుని, బ్యాగులో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. వచ్చే శనివారం వెళ్దాం, ఈ శీతకాలం దాటకుండా వెళ్దాం అనుకుంటూనే ఉన్నాను. ఆయనకు డెబ్బై నాలుగేళ్ళని తెలిసీ అనుకుంటూనే ఉన్నాను.

గురువారం సెలవు అడిగి నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది, యాదమ్మ ఇంటి ముందు పాడె కడుతున్నారు. పాలమూరు నుంచి ఆయన అన్న కొడుకు, ఇంకో పదిమంది వచ్చారు. పాత శిష్యులు కొందరు గోడవార నిలబడ్డారు. ఒక పెద్దాయన "అయినోళ్లు ఇట్ల రాండ్రి, పూలు ఏయుండ్రి. ఎరుకైనోళ్లు జర ఆగుండ్రి" అని చెబుతున్నాడు. నేను ఎటు వెళ్ళాలో తెలియక మధ్యలో నిలబడిపోయాను. అన్న కొడుకు నా దగ్గరికొచ్చి, మర్యాదగానే, "మీరేమైతరమ్మా చిన్నాయినకు?" అని అడిగాడు. అందరూ చూస్తున్నారు. "స్టూడెంట్‌ని" అన్నాను. అతను తల ఊపి, నన్ను గోడవార నిలబడ్డవాళ్ళ దగ్గరికి పంపాడు. మా వంతు వచ్చేలోపే పాడె లేచింది.

నా భర్త పోయినప్పుడు పది రోజులు మా ఇల్లు జనంతో నిండిపోయింది. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకున్నారు, ఎవరో ఒకరు అన్నం కలిపి పెట్టారు. ఈసారి ఎవరూ రాలేదు. వాళ్ళ తప్పేం లేదు. నాకు ఎవరు పోయారో నేను ఎవరికీ చెప్పలేదు. మర్నాడు ఆఫీసుకు వెళ్ళి మామూలుగా పనిచేసుకున్నాను. చివర చెబుతానన్న కారణం ఇదే: ఆ మాట ఇప్పటికైనా చెప్పాలి. ఇది మా ఆఫీసువాళ్ళు చదువుతారు, మా మరిదీ చదువుతాడు. చదవనీ. ఆ కిటికీ లేని గదిలో విద్య నేర్పిన ఆచార్యుడికి శిష్యురాలిగా చేతులు జోడించి నమస్కరిస్తున్నాను. కానీ ఆయన అన్న కొడుకు అడిగినదానికి నేను చెప్పిన జవాబు సరైనది కాదు. సత్తయ్య సార్ నా స్నేహితుడు. ఈ ఊళ్ళో నాకున్నది ఆయనొక్కరే. ఆయన బతికుండగా ఈ మాట ఒక్కరి ముందైనా అనలేకపోయాను, ఆయన ముందు కూడా అనలేదు.