చెరువులో పడిన కుంకుమ

నా చిన్నప్పుడు, తొంభైల్లో, మా అల్లవరం వైపు వరిచేలు ఒక్కొక్కటిగా రొయ్యల చెరువులయ్యాయి. మా నాన్నగారు కూడా ఉన్న రెండెకరాలూ తవ్వించి ఉప్పునీరు పెట్టించారు. రొయ్యపిల్లను వదిలిన రోజు అమ్మ గట్టు మీద పసుపు కుంకుమలు పెట్టి గంగమ్మకు దణ్ణం పెట్టింది. తర్వాత ప్రతి శుక్రవారం ఆ పని నాది. నాకప్పుడు ఎనిమిదేళ్లు, ఒట్టి దుడుకుదాన్ని. ఒక శుక్రవారం నా కాలు జారి, చేతిలోని కుంకుమ భరిణె నీళ్లలో బోర్లా పడింది. భయంతో ఎవరికీ చెప్పలేదు.

నాలుగు రోజులకు రొయ్యలు ఎర్రబడి, గట్టు వారకు చేరి చచ్చిపోసాగాయి. నాన్నగారు ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. దాన్ని గట్టు మీద పెట్టి, చచ్చినవాటిని ఏరడం మొదలుపెట్టారు. రొయ్యలకి జబ్బు తగిలిందని ఊరంతా అంది. నేను మాత్రం ఆ ఎరుపు నా కుంకుమదే అనుకున్నాను. అన్నం సయించడం మానేసింది.

పక్కింటి టీచరమ్మగారు బళ్లో సైన్సు చెప్పేవారు. ఆదివారం చర్చి నుంచి వస్తూ నా ముఖం చూసి, తమ వంటింట్లోకి తీసుకెళ్లి బుజ్జగించి అడిగారు. చెప్పేశాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. కూరకు తెచ్చుకున్న కాలవ రొయ్యల్లోంచి నీలంగా ఉన్నదొకటి తీసి, ఉట్టి నీళ్లలో ఉడికించారు. నా కళ్ల ముందే ఎర్రబడింది.

“ఇందులో కుంకుమ ఎవరేసేరమ్మా?”

“ఎవరూ వెయ్యలేదండి.”

“ఆ ఎరుపు దాని పెంకులోనే ఉంది. తిన్న నాచులోంచి వచ్చిందది. ప్రోటీను దాన్ని గట్టిగా పట్టుకున్నంతసేపూ మనకి నీలంగా కనపడుద్ది. వేడికి ఆ పట్టు వదిలేసింది, ఎరుపు బయటపడింది. మీ చెరువులో రొయ్యలు జబ్బుకి ఎర్రబడ్డాయి. ఆ రంగూ వాటిదే, నీ కుంకుమది కాదు.”

గట్టుకు పరిగెత్తి నాన్నగారికి అంతా చెప్పాను.

“ఇన్నాళ్లూ ఇది మనసులో పెట్టుకుని తిరిగేవా తల్లీ?” అన్నారు.

అన్ని రోజులూ చెక్కుచెదరకుండా తిరిగిన మనిషి, గట్టు మీద కూలబడి, నా భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చారు. ఏం చెయ్యాలో తెలియక ఆయన వీపు నిమురుతూ నిలబడ్డాను.

ఉప్పెక్కిన ఆ నేలలో మళ్లీ వరి పండలేదు. నాన్నగారు కూడా పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ రొయ్యలు వండితే, ఎర్రబడేలోగా మూత పెట్టేస్తాను. ఇంట్లో ఎవరైనా ముభావంగా తిరుగుతుంటే మాత్రం పక్కన కూర్చుని అడుగుతాను. ఆ వారం నన్ను అడగడానికి టీచరమ్మగారు ఉన్నారు. నాన్నగారిని ఎవరూ అడగలేదు.