గరగర మాస్టారు, రెండో తీగ

మా సంగీతం మాస్టారిని ఎవరైనా "పాపం పెద్దాయన" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. పాపమేమిటి పాపం! బొంగురు గొంతుతోనే మా బడిలో ముప్పై ఏళ్ళు వయొలిన్ నేర్పిన మనిషి. వెనకాల గరగర మాస్టారనేవాళ్ళం. ఆ సంగతి ఆయనకీ తెలుసు. "నా గొంతు గరగరలాడితే సరే, మీ తీగ గరగరలాడిందో, వీపు విమానం మోతే" అనేవారు. ఒక్కరినీ కొట్టిన పాపాన పోలేదు.

పాఠానికి ముందు మా వయొలిన్లన్నీ తానే శ్రుతి చేసేవారు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయన కలిపాక కూడా రెండో తీగ శ్రుతి కాస్త దిగి ఉండటం మొదలైంది. రోజూ అంతే. ఆయన చెవి తగ్గుతోందని నాకు అర్థమైంది. హెడ్మాస్టరుకి తెలిస్తే ఉద్యోగం ఊడినట్టే. అందుకని ఆయన సుద్దముక్క కోసం పక్కగదికి వెళ్ళగానే గబగబా అన్నీ సరిచేసేదాన్ని. అలా నెల గడిచింది.

వార్షికోత్సవం రోజు వేదిక మీద, హెడ్మాస్టరు ఎదుటే, నా వయొలిన్ శ్రుతి చేసి ఇచ్చారు. నాతో వాయించే మిగతా ఐదుగురూ దాన్ని బట్టే కలుపుకోవాలి. మీటి చూశాను. దిగే ఉంది. అలాగే వాయిస్తే అందరం నవ్వులపాలు, తీగ బిగించే బిరడా తిప్పితే ఆయన గుట్టు రట్టు.

"తిప్పవే, ఏం చూస్తున్నావ్?" అన్నారు.

"బాగానే ఉంది మాస్టారూ."

"అబద్ధమా? నేను నేర్పింది ఇదేనా? నెల రోజులుగా నా వెనకాల తిప్పుతూనే ఉన్నావుగా! సుద్దముక్క తేవడానికి ఐదు నిమిషాలు ఎవడికి పడుతుందే, పిచ్చిమొద్దూ?"

ఆయన హెడ్మాస్టరు వైపు తిరిగారు.

"నా చెవి తగ్గిందండీ. రేపట్నించి రాను. ఈ పిల్ల చెవి మాత్రం నేను తయారుచేసిందే. వినండి."

వేదిక దిగి, మొదటి వరసలో మా అమ్మ పక్కన ఖాళీ కుర్చీలో కూర్చున్నారు. ఏడుస్తూనే బిరడా తిప్పాను. అందరూ కలుపుకున్నాక వాయించాం.

సగంలో ఆయన మా అమ్మ వైపు వంగి, "ఎలా ఉందమ్మా? నాకు సరిగ్గా వినపడటం లేదు" అని అడిగారట. సంగీతం ముక్క తెలియని మా అమ్మ, "చాలా బాగుంది మాస్టారూ" అందట.

"ఉండక చస్తుందా! ఎవరి శిష్యురాలు!" అన్నారట, వరస వరసంతా తిరిగి చూసేలా.