కుండ్లపాడులో విప్పకుండా మిగిలిన ఆవం

ముద్దనూరు స్టేషనులో ఉదయం ఏడున్నరకు దిగినవాళ్ళం ముగ్గురం: మా వీధి కుమ్మరి తిప్పన్న, ఆయన చెల్లెలు ఓబమ్మ, నేను. సామాను: గడ్డపార ఒకటి, గోనెసంచులు రెండు, సద్దిమూట, నీళ్ళ చెంబు, నా కొలత టేపు. టేపు ఎందుకని ఓబమ్మ అడిగింది. ఓవర్సీరు చదువు చదివినవాణ్ణి, అది లేకుండా కదలనన్నాను.

ఒకప్పుడు చుట్టుపక్కల తాలూకాలకు నీళ్ళకుండలు కుండ్లపాడు నుంచే వెళ్ళేవి. పాతికేళ్ళ కిందట ప్లేగు వస్తే ఊరంతా పొలాల్లో గుడిసెలు వేసుకుంది. మళ్ళీ ఇళ్ళకు పోలేదు. ఆ రోజు తిప్పన్న కుండలు పేర్చి నిప్పుపెట్టిన ఆవం కాలుతూ ఉంది. విప్పకుండానే వచ్చేశాడు. ఇప్పుడు కడపలో పత్తి గిడ్డంగిలో కూలి. వచ్చే వారం మనవరాలి పెళ్ళి. పెళ్ళిపందిట్లో పూజకు పెట్టే ఐరేని కుండలు ఐదు ఆ ఆవంలోవే కావాలి.

"కుమ్మరోళ్ళ పెండ్లికి అంగట్లో కుండలు కొంటే శానా నగుబాటు నాయనా," అన్నాడు.

స్టేషను బయట బాడుగకు ఎక్కిన బండి తోలే హుసేను, ఊరి పేరు వినగానే ఎద్దులను ఆపేశాడు.

"ప్లేగు ఊరి కుండలు నా బండ్లో ఎక్కిస్తారా?"

"నిప్పులో కాలినాయప్పా అవి. నీ నోట్లో బీడీ కంటే శుద్ధం," అంది ఓబమ్మ. అతను బీడీని ఒకసారి చూసుకుని ఎద్దులను అదిలించాడు.

పదిన్నరకు చేరాం. తలుపులు, దూలాలు, నాపరాళ్ళు, చివరికి బావి గిలక కూడా ఎవరో పట్టుకుపోయారు. కుండలను మాత్రం ఎవరూ ముట్టలేదు. గోడల వారగా బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. తిప్పన్న వాటి వైపు చూడలేదు.

"అవి ఊరోళ్ళయి," అన్నాడు.

ఆవం ఉన్నచోట జిల్లేడు మొలిచిన దిబ్బ ఉంది. టేపు పెట్టి చూస్తే అడ్డం తొమ్మిది అడుగులు. పైమట్టి తవ్వితే బూడిద, పాము కుబుసం, నలిగిన పెంకులు. అడుగు వరుసలోని కుండలు ఒక్కొక్కటే తీసి ఓబమ్మ వేలి కణుపుతో కొట్టి విన్నది. బొంగురుగా పలికినది పక్కకు, కంగుమన్నది గోనెలోకి. కంగుమన్నవి ఆరు.

తిప్పన్న దిబ్బ మీద కూలబడ్డాడు. "ఉడికినాయి మే, బాగా ఉడికినాయి." సగం మంటలో వదిలేశానేమోనని ఇన్నేళ్ళూ ఆయన అనుమానమట.

సంగటి, ఉల్లిగడ్డ తిని బయలుదేరాం. దారిలో వంక దాటుతుంటే బండి ఎగిరి ఒక కుండ పగిలిపోయింది. తప్పు వంకదన్నాడు హుసేను. స్టేషనులో ఒక పెద్దమనిషి గోనె మీద కూర్చున్నాడు. నాలుగు మిగిలాయి.

"ఇంకొకటి కొందామన్నా. సున్నం పూసి గీతలు పెడితే ఏది యాడిదో ఎవరికి తెలుస్తాది?" అంది ఓబమ్మ రైల్లో.

"నాకు తెలుస్తాది," అని తిప్పన్న కిటికీ వైపు తిరిగాడు.

కమలాపురంలో ప్లాట్‌ఫారం మీద ఒకామె కుండలమ్ముతోంది. తిప్పన్న దిగి ఆమె ముందు కూర్చుని ఒకదాన్ని కణుపుతో కొట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ కొట్టాడు. రైలు కూత వేసినా లేవలేదు. చివరికి డబ్బులిచ్చి దాన్ని చంకన పెట్టుకుని పరుగెత్తి ఎక్కాడు.

"ఇదీ ఉడికిందే," అన్నాడు.

కడప వచ్చింది. దిగాక కుండలు లెక్కపెట్టాను. ఐదు.