నా గుండు, మా నాన్న సంతాప సభ

మా నాన్న బతికుండగానే నేను ఆయన్ని చంపేశాను. కంగారు పడకండి, ఆయన నిక్షేపంగా ఉన్నారు. ఈ పూట కూడా కెనడాలోని సస్కటూన్‌లో మా అన్నయ్య ఇంట్లో రెండు పెసరట్లు లాగించి, మూడోది ఆలస్యమైందని అలిగారట. అయినా సరే, కిందటి చలికాలం ఒక శనివారం మధ్యాహ్నం, అక్కడికి చాలా దూరాన మిస్సిసాగాలో నా ఇంటి హాల్లో ఆయనకు ఘనంగా సంతాప సభ జరిగింది. దానికి కారణం నా జుట్టు. సరిగ్గా చెప్పాలంటే, లేని జుట్టు.

మా వంశంలో మగవాళ్ళకు ముప్పై దాటితే నెత్తిమీద ఏదీ నిలవదు. మా నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. తన బట్టతలకు రోజూ కొబ్బరినూనె రాసి మరీ మెరిపించుకునే రకం. నాకంత గుండె ధైర్యం లేదు. ఆఫీసు వీడియో మీటింగుల్లో అందరూ ప్రాజెక్టు చూస్తుంటే, నేను నా నుదురు ఎక్కడ ముగుస్తుందా అని చూసుకునేవాణ్ణి. అది ఎక్కడా ముగిసేది కాదు.

అలాగే సర్దుకుపోయేవాణ్ణేమో. ఇంతలో మా తెలుగు సంఘం అధ్యక్షుడు ప్రసాదరావు గారు నన్ను పక్కకు పిలిచారు. "ఉగాదికి యాంకరింగ్ నీకే ఇద్దామనుందయ్యా వంశీ. గొంతు బంగారం. కాకపోతే కమిటీవాళ్ళు ఈసారి కాస్త యంగ్‌గా కనిపించేవాళ్ళు కావాలంటున్నారు" అన్నారు.

నాకు ముప్పై ఏడు! ఆయనకు అరవై దాటాయి. ఆయన జుట్టు మాత్రం నల్లగా నిగనిగలాడుతుంది, ఆ నలుపు ఏ డబ్బాలోంచి వచ్చిందో మా అందరికీ తెలుసు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికి వెళ్ళేలోపే నిర్ణయం జరిగిపోయింది.

"శైలూ! జుట్టు నాటించుకుంటున్నా!" అని గుమ్మంలోంచే అరిచాను.

మా ఆవిడ శైలజ తాపీగా, "నాటించుకోండి. నాకు మీరు ఎలా ఉన్నా ఒకటే" అంది.

"ఒకటే అంటే? బాగున్నాననా, బాగోలేదనా?"

"ఒకటే అంటే ఒకటే."

ఇలాంటి జవాబు విన్నాక ఏ మగాడు ఆగుతాడో మీరే చెప్పండి.

"ఒక్కటే కండిషన్. ఎవరికీ తెలియకూడదు. ఉగాదికి స్టేజీ ఎక్కేసరికి సహజంగా వచ్చినట్టుండాలి."

"ముప్పై ఏడేళ్ళకి సహజంగా వస్తుందా అండీ?"

ఆ ప్రశ్న నేను వినిపించుకోలేదు.

క్రిస్మస్ సెలవుల్లో పని కానిచ్చేశాను. డాక్టరు ముందు నున్నగా గుండు కొట్టించి, వెనకవైపు వెంట్రుకలను ఒక్కొక్కటే పీకి, వరినాట్లు వేసినట్టు ముందువైపు నాటాడు. నేను పొంగిపోతూ స్టేజీ మీద ఏ షేర్వాణీ వేసుకోవాలా అని ఆలోచిస్తున్నాను. ఆ ఆలోచనలో పడి ఆయన చెప్పిన ముఖ్యమైన సంగతి వదిలేశాను. మూడు నాలుగు రోజులకు నుదురు వాచి, ఆ వాపు కళ్ళ మీదికి దిగుతుందట.

దిగింది. నాలుగో రోజు, ఆ శనివారం, నా కళ్ళు రెండూ రేగు గింజలంతే మిగిలాయి. శైలు సరుకులకు వెళ్ళింది. కాలింగ్ బెల్ మోగితే పార్సెల్ అనుకుని తలుపు తీశాను.

పక్క టౌన్‌హౌస్ వరలక్ష్మి ఆంటీ. చేతిలో గోంగూర పచ్చడి గిన్నె. ఆవిడ నా గుండు చూశారు. వాచిన కళ్ళు చూశారు.

"వంశీ... నాన్నగారా?"

'కాదాంటీ, జుట్టు నాటించుకున్నాను' అనొచ్చు. మూడు ముక్కల మాట. కానీ వరలక్ష్మి ఆంటీకి చెప్పడమంటే సంఘం మైకులో చెప్పడమే. నా స్టేజీ, నా షేర్వాణీ కళ్ళ ముందు కదిలాయి. తల దించుకున్నాను. అంతే చేశాను. నోరు తెరిచి అబద్ధమాడలేదు, గమనించగలరు.

"అయ్యో నాయనా! మరి నెత్తినిండా ఆ గాట్లేంటి?"

ఇక నోరు తెరవక తప్పలేదు. "ఇక్కడివాళ్ళకి గుండు గీయడం చేతకాదాంటీ."

"మీసం తీయలేదేం?"

"నాన్నకి నా మీసమంటే ప్రాణం ఆంటీ."

అబద్ధాలకు ఇంత చురుగ్గా పనిచేసే బుర్ర ఆఫీసులో ఎందుకు పనిచేయదో నాకిప్పటికీ తెలీదు.

"ఎవరికీ చెప్పకండాంటీ" అని బతిమాలాను.

"చెప్పను నాయనా. మనవాళ్ళకి తప్ప."

గంట తిరిగేసరికి మా గుమ్మంలో మంచు బూట్లు గుట్టగా పడ్డాయి. లోపల పాతికమంది. శైలు సరుకుల సంచులతో అడుగు పెట్టగానే ఆంటీ వాటేసుకున్నారు.

"ఏమైందాంటీ?"

"మీ మామయ్యగారు తల్లీ!"

"మామయ్యగారా? పొద్దున్నే నాతో వీడియో కాల్ మాట్లాడారే! అల్లం పచ్చడిలో బెల్లం తక్కువైందని కంప్లైంట్ కూడా చేశారు!"

"పాపం, పిల్ల తట్టుకోలేకపోతోంది. ఎవరైనా మంచినీళ్ళు ఇవ్వండి."

శైలు అంతమంది తలల మీదుగా నా గుండు వైపు చూసింది. విషయం అర్థమైపోయింది. ఆ చూపుకు నాటిన వెంట్రుకలన్నీ ఊడి పడతాయేమో అనిపించింది.

ప్రసాదరావు గారు గొంతు సవరించుకున్నారు. "మాస్టారిని నేను చూడలేదు. కానీ కొడుకుని చూస్తే చాలు, ఆయన ఎంత సత్యవంతుడో తెలిసిపోతుంది. అందరం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం."

పాటించాం. సరిగ్గా అప్పుడే టేబుల్ మీద నా ఫోన్ మోగింది. వీడియో కాల్. స్క్రీన్ మీద 'నాన్న' అన్న అక్షరాలు, వాటి వెనక ఫొటోలో తళతళలాడే బట్టతల. ఆంటీ కెవ్వుమన్నారు. నేను ఫోన్ మీదికి దూకాను. నాకంటే ముందు శైలు అందుకుని బటన్ నొక్కేసింది.

"అందరికీ నమస్కారం. పోయినవాణ్ణి మాట్లాడుతున్నాను" అన్నారు మా నాన్న. "మీ సంతాపం మెసేజ్ సస్కటూన్ దాకా వచ్చేసింది. మా పెద్దవాణ్ణి ఓదార్చడానికి ఒకాయన వచ్చాడు. తలుపు తీసింది నేను. పాపం, అతనికింకా దడ తగ్గలేదు, సోఫాలో పడుకోబెట్టాం. ఒరేయ్ వంశీ, ఆ గుండేంట్రా?"

"జుట్టు... నాటించుకున్నా నాన్నా."

"అంటే నా బట్టతల వద్దనుకుని, ఏకంగా నన్నే తీసేశావా?"

ఆయన నవ్వుతూనే అన్నారు. హాలంతా గొల్లున నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఏనాడూ ఎవరి ముందూ తల దించుకోని మనిషిని, ఒక్కసారి తల దించి పంపించేశాను. జుట్టు లేదని ఇన్నేళ్ళూ పడ్డ సిగ్గు దీని ముందు ఏపాటిది?

నన్ను వెలివేస్తారనుకున్నాను. ఒక్కరూ కదల్లేదు. వరలక్ష్మి ఆంటీ చీవాట్లు పెట్టారు. "ఈ మాత్రానికా ఇంత దాపరికం? నేను ఏడాదికి రెండుసార్లు నుదుటికి ఇంజెక్షన్ చేయించుకుంటా. ఇందాక మీ నాన్నగారి కోసం ఎంత ఏడ్చినా మొహం ముడత పడలేదు, చూళ్ళేదూ?" ప్రసాదరావు గారు నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, "ఆ డాక్టరు నంబరు ఇవ్వవయ్యా. మా బావమరిదికి" అన్నారు, పలచబడుతున్న తన నెత్తి తడుముకుంటూ.

ఉగాది వచ్చేసరికి నాటిన జుట్టంతా రాలిపోయింది. ముందు రాలి, తర్వాత నెలలకు మొలుస్తుందట. అది కూడా డాక్టరు చెప్పాడట. ఇక నా యాంకరింగ్ సంగతి వేరే చెప్పాలా? పోయిన మనిషిని చూడాలని అందరూ పట్టుబట్టడంతో నాన్న సస్కటూన్ నుంచి దిగారు. రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. ఆయన మళ్ళీ తిరిగివ్వలేదు.

"నేను పోయి మూడు నెలలైంది. పైన పెసరట్లు బాగోలేవని వచ్చేశా" అన్నారు. హాలు దద్దరిల్లింది! ఆ రోజు యాంకరింగ్ మొత్తం ఆయనదే. కమిటీ కోరుకున్న యంగ్ ఫేస్‌కు డెబ్బై ఒకటి, స్టేజీ లైట్ల కింద తల ధగధగా వెలుగుతోంది. ముందు వరసలో టోపీ పెట్టుకుని కూర్చుని, అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను.

చివర్లో నన్ను స్టేజీ మీదికి పిలిచారు. "నా నెత్తిన చెయ్యి పెట్టి అందరి ముందూ ఒట్టు వెయ్యరా" అన్నారు.

గంభీరంగా చెయ్యి పెట్టాను. ఇకమీదట నా అందం కోసం కన్నతండ్రిని గానీ, తోడబుట్టినవాణ్ణి గానీ, ఆఖరికి దూరపు చుట్టాన్ని గానీ చంపనని ఒట్టు వేయబోయాను.

సగంలోనే చెయ్యి జారింది. పొద్దున్నే కొబ్బరినూనె రాసుకున్నారట.