జంకర్లకు నేను చెప్పిన అర్థం

ఇరవై రెండేళ్ళ వయసులో నాకు ‘తెలియదు’ అన్న మాట నోటికి వచ్చేది కాదు. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీ షెడ్లు ఒకటొకటిగా లేస్తున్న ఆ కాలంలో, బొంతపల్లి దగ్గరి ఒక బడిలో సాంఘికశాస్త్రం చెప్పడానికి కొత్తగా చేరాను. ఉద్యోగం తాత్కాలికం, ఖాయం కావాలంటే హెడ్‌మాస్టరు సిఫారసు రాయాలి. ఒకనాడు తొమ్మిదో తరగతికి జర్మనీ పాఠం చెబుతూ, అక్కడి భూస్వాములను జంకర్లంటారని చదివాను. ముందు బెంచీలోని రైతుబిడ్డ (ప్రశ్నల పిల్ల అనేవాళ్ళం) లేచి నిలబడింది.

“సార్, జంకర్లంటే ఏంది? గా పేరు ఎట్లొచ్చింది?”

పుస్తకంలో లేదు. నాకూ తెలియదు. “దేనికీ జంకరు కాబట్టి జంకర్లు,” అన్నాను, ఏమాత్రం జంకకుండా. పిల్లలంతా శ్రద్ధగా రాసుకున్నారు.

వారం తిరక్కముందే, ఫ్యాక్టరీలో యంత్రం బిగించడానికి వచ్చిన జర్మన్ ఇంజనీరును హెడ్‌మాస్టరు మా తరగతికి తీసుకొచ్చారు (ఇద్దరికీ చర్చిలో పరిచయం). జర్మనీ గురించి మీకేం తెలుసో చెప్పండని పిల్లల్ని అడిగారు. ప్రశ్నల పిల్ల లేచి నా అర్థం పొల్లుపోకుండా అప్పజెప్పింది. హెడ్‌మాస్టరు తల దించుకునే దాన్ని ఇంగ్లీషులో వినిపించారు. ఇంజనీరు నవ్వలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. తర్వాత అసలు అర్థం హెడ్‌మాస్టరుకు మెల్లగా చెప్పి వెళ్ళాడు.

సాయంత్రం హెడ్‌మాస్టరు నన్ను గదికి పిలిచారు.

“వాళ్ళ భాషల గది యుంకర్. యుంగ్ అంటే చిన్న, హెర్ అంటే దొర. మొదట్ల దొర కొడుకును గట్ల పిలిచేటోళ్ళట. పోను పోను పెద్ద భూములున్నోళ్ళందరికీ గదే పేరైంది. మన ఊరి చిన్న దొరకు ఎన్నేండ్లుంటయ్?”

“డెబ్బై దాటినయ్ సార్.”

“అయినా చిన్న దొరనే గద. గిదీ గట్లనే. తెల్వకుంటే తెల్వదని చెప్పు. రేపు పిల్లలకు సక్కగ చెప్పినంకనే నీ కాగితం రాస్త.”

మర్నాడు తరగతిలో నేను చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. పాతది కొట్టేసి కొత్తది రాసుకోమన్నాను. ప్రశ్నల పిల్ల కలం ఎత్తిపట్టుకుని అలాగే కూర్చుంది.

“కొట్టెయ్యాల్నా సార్? మీరు చెప్పిందే మంచిగుండె.”

హెడ్‌మాస్టరు మాట నిలుపుకున్నారు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా, ప్రతి మాటకూ రెండు పుస్తకాలు తిరగేసి మరీ పాఠం చెప్పాను. అంత జాగ్రత్తగా చెప్పినవాటిలో ఎవరికి ఏది గుర్తుందో తెలియదు. ఆ ఇరవై రెండేళ్ళవాడి మీద ఇప్పుడు కోపం రాదు. కాస్త అసూయే.