హోల్డ్‌లో ఉన్న ప్రభాకరం గారు

కరోనా తర్వాత ఆఫీసులు మళ్లీ తలుపులు తెరిచిన మరుసటి ఏడాది, ఎండాకాలం మొదట్లో, ఒక మందుల కంపెనీ అకౌంట్స్ మేనేజర్‌ను వెతికిపెట్టమని మా కన్సల్టెన్సీకి పని అప్పగించింది. నేనప్పుడు సికింద్రాబాద్ బ్రాంచికి మేనేజర్ని. బ్రాంచి అంటే పెద్దగా ఊహించుకోకండి. మోండా మార్కెట్ పక్క సందులో, స్టీలు సామాన్ల దుకాణం మీద రెండు గదులు. కింద ఎవరైనా బిందె బేరమాడుతూ దాన్ని వాయించి చూస్తే పైన ఇంటర్వ్యూ ఆగిపోయేది. ఆ మోత గుడిగంట అనుకుని ఒక క్యాండిడేట్ లేచి నిలబడి దండం పెట్టాడని నేను చాలామందికి చెప్పాను. దండం పెట్టలేదు గానీ, లేచి నిలబడిన మాట నిజం.

ఇప్పుడు రిటైరయ్యాను. యాభై నిండకుండానే. నలభై దాటినవాళ్లను పక్కన పెట్టడం ఇన్నేళ్లు చేతులారా చేసినవాణ్ని, నా వంతు వచ్చినప్పుడు ఆశ్చర్యపోలేదు. బంధువుల పిల్లలు వచ్చి, రిక్రూట్‌మెంట్ కన్సల్టెంటుగా చేరితే ఎలా ఉంటుందని అడుగుతుంటారు. "నలుగురికి ఉద్యోగాలిప్పించే పని, పుణ్యం గదా అంకుల్" అంటారు. పుణ్యం సంగతి తర్వాత. ముందు పని తీరు చెబుతాను.

మమ్మల్ని పోషించేది కంపెనీ. దాన్ని క్లయింటు అంటాం. ఉద్యోగం వెతుక్కునే మనిషి క్యాండిడేట్. ఎలాంటి మనిషి కావాలో క్లయింటు రాసి పంపుతాడు. రిక్రూటర్ అలాంటివాళ్లను వెతికి, ఫోన్లో మాట్లాడి, వడపోసి టీమ్ లీడ్‌కు ఇస్తాడు. టీమ్ లీడ్ ఇంకోసారి వడపోసి నా ముందు పెడితే, నేను చూసి క్లయింటుకు పంపుతాను. రాతలో ఉండేది ఇంతవరకే. రాయనిది ఫోన్లో వస్తుంది. "అంతా యంగ్ టీమ్ అండీ. నలభై దాటినవాళ్లు సెట్ కారు" అని ఒక నవ్వు నవ్వి పెట్టేస్తారు. వాళ్లు రాయని మాటను మేం క్యాండిడేట్‌కు చెప్పకూడదు. చెబితే క్లయింటు పోతాడు. అలా పుట్టిందే "హోల్డ్". మీ ప్రొఫైల్ హోల్డ్‌లో ఉంది సార్ అంటాం. పెళ్లిచూపుల్లో ఉప్మా తిని చేయి కడుక్కున్నాక, ఇంటికెళ్లి కబురు చేస్తామని మగపెళ్లివారు అంటారే, అదే ఇది. ఆ కబురు ఎంత దూరంలో ఉంటుందో ఇంట్లో అందరికీ తెలుసు. అయినా వీధి చివరిదాకా వెళ్లి సాగనంపుతారు.

ఆ రోజుల్లోనే నర్సింగరావు నా దగ్గర రిక్రూటర్‌గా చేరాడు. మెట్టుగూడ మనిషి. బ్యాటరీల ఫ్యాక్టరీలో కొనుగోళ్ల విభాగం చూసేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊళ్లో కన్సల్టెన్సీలన్నీ తిరిగాడు. చివరికి మా మెట్లెక్కి వచ్చి, నా ఎదుట కూర్చుని సూటిగా అడిగాడు.

"సార్, నాకు నౌకరి దొరకదని నాకు సమజైంది. మీ కాడనే ఓ కుర్సీ ఇయ్యుండ్రి. నౌకరి దొరకనోళ్లతోని ఎట్ల మాట్లాడాల్నో నాకు మంచిగ ఎరుక."

ఇన్నేళ్లలో నేను విన్న అర్హతల్లో అదే మెరుగైనదనిపించి కుర్చీ ఇచ్చాను. ఆఫీసులో అమ్మాయిలు మొదటిరోజే అంకుల్ అని పిలవడం మొదలుపెట్టారు. పని తొందరగా పట్టుకున్నాడు. ఒక్క హోల్డ్ దగ్గరే మొండికేశాడు.

"గిట్ల చెప్పుడు నాతోని కాదు సార్. నన్ను సుత గిట్లనే కూసోబెట్టిండ్రు. ఫోన్ మోగితె చాలు, స్నానంలకెల్లి ఉరికొస్తుంటి. పరేషాన్ అయిపోయిన. గా తక్లీఫ్ ఇంకొకనికి నేనియ్య."

మందుల కంపెనీ పనికి నర్సింగరావు వెతికి తెచ్చిన మనిషి ప్రభాకరం గారు. గుడివాడ వైపునుంచి వచ్చి చిలకలగూడలో స్థిరపడ్డాయన. యాభై దాటాయి. ఒకే వ్యాపార సంస్థలో జీవితమంతా లెక్కలు చూశాడు. యజమాని పోయాక కొడుకులు సంస్థను అమ్మేసుకున్నారు. క్లయింటు రాసి పంపినదానికి ఆయన కుట్టించినట్టు సరిపోయాడు. ఇంటర్వ్యూ కూడా బాగా జరిగింది. తర్వాత నాకు ఫోను వచ్చింది. మనిషి బంగారం అండీ, కానీ, అన్నారు. ఆ కానీ తర్వాత ఏముంటుందో నాకు తెలుసు గనుక వాళ్లకు శ్రమ లేకుండా నేనే పూర్తి చేశాను.

నర్సింగరావు ఆయనకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "సార్, మీ పనిల తప్పేం లేదు. వయసు జూసి వద్దన్నరు. ఇది వస్తదని ఎదురుజూడకుండ్రి."

అటునుంచి ఆయన, ఇన్నాళ్లకు ఒకరు సరిగ్గా చెప్పారండీ, థాంక్స్ అని పెట్టేశాడట. నర్సింగరావు మెడల్ గెలిచినవాడిలా నా టేబుల్ దగ్గరికొచ్చాడు. "జూశిండ్రా సార్? నిజం జెప్తె మనిషికి మర్యాదిచ్చినట్టుంటది." నేను వాదించలేదు. తిట్టినవాళ్లు మళ్లీ ఫోన్ చేస్తారు, థాంక్స్ చెప్పి పెట్టేసినవాళ్లు చెయ్యరు. నా అనుభవం అది.

ఆ నెల తిరక్కముందే ఒకావిడ మా మెట్లెక్కి వచ్చింది. చేతిలో ఖాళీ గుడ్డసంచీ. నర్సింగరావు గారంటే ఎవరండీ అని అడిగి, ప్రభాకరం గారి భార్యనని చెప్పుకుంది. పేరు రాజ్యలక్ష్మి. కృతజ్ఞత చెప్పడానికి వచ్చిందనుకున్నాడు కాబోలు, నర్సింగరావు హడావిడిగా కుర్చీ లాగి, టీ చెప్పబోయాడు.

"టీ వద్దండీ. ఆయనకి మీరేం చెప్పారు?"

"ఉన్న నిజం జెప్పిన అమ్మా."

"నిజం మాకు తెలీదనుకున్నారా? ఆయనకి తెలుసు, నాకు తెలుసు. పనమ్మాయికి కూడా తెలుసండీ." గొంతు పెంచలేదావిడ. "కానీ పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోను టీపాయ్ మీద పెట్టుకుని కూర్చునేవారు. ఎక్కడికీ కదలకుండా అంత తయారెందుకండీ అంటే, రెండు మూడు కన్సల్టెన్సీల్లో హోల్డ్‌లో ఉన్నానే, ఏ వేళ రమ్మంటారో అనేవారు. మీరు ఫోన్ చేసిన దగ్గర్నుంచి మంచం దిగట్లేదు. అన్నం కంచం మంచం మీదికే. పొద్దస్తమానం ఫ్యాను వైపు చూస్తూ పడుకుంటున్నారు. ఏం చూస్తున్నారండీ అంటే, ఏం లేదు అంటారు. ఆయన్ని ఒంటరిగా వదిలి పక్కింటికి వెళ్లాలన్నా నాకు కాళ్లు రావట్లేదు."

"డాక్టర్‌కు జూపిచ్చిండ్రా అమ్మా?" అన్నాడు నర్సింగరావు.

"డాక్టర్ దగ్గరికి రమ్మంటే రారు. నేను ఉద్యోగం అడగడానికి రాలేదండీ. ఒక్కసారి ఫోన్ చేసి హోల్డ్‌లో ఉందని చెప్పండి. మంచం దిగితే చాలు, మిగతాది నేను చూసుకుంటాను."

నేను ఫోను అందుకున్నాను. నా దగ్గర అప్పటికే కథ సిద్ధంగా ఉంది. మేడ్చల్ దగ్గర కొత్తగా పెట్టిన కంపెనీ, తెల్లజుట్టు లేనివాడికి ఖజానా తాళం ఇవ్వనని ఒట్టేసుకున్న ముసలి యజమాని. ఇంకాస్త వ్యవధి ఇస్తే ఆ యజమానికి మీసాలు కూడా పెట్టేవాణ్ని. నర్సింగరావు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వద్దు సార్. నిజం నేను జెప్పిన. అబద్ధం సుత నేనే జెప్త."

ఆవిడ వినాలని స్పీకర్ పెట్టాడు. మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. ఆవిడ సంచీని గుప్పిట్లో నలిపేసింది. రెండోసారి చాలాసేపటికి హలో అని వినబడింది.

"ప్రభాకరం సార్, నర్సింగరావుని. గా దినం నేను జెర తొందరపడ్డ సార్. మీ ప్రొఫైల్... హోల్డ్‌ల ఉన్నదట."

ఇంత చెత్తగా అబద్ధమాడిన మనిషిని నా సర్వీసులో చూడలేదు. చెవులదాకా ఎర్రబడిపోయాడు. అటునుంచి ఆయన ఒకటే అడిగాడు.

"మా ఆవిడ మీ ఆఫీసుకి వచ్చిందాండీ?"

రాజ్యలక్ష్మి గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, వద్దు వద్దని తల ఊపింది. నర్సింగరావు ఆవిడను చూశాడు.

"లేదు సార్. మేడమ్ ఎందుకొస్తది?"

"ఊరికే అడిగాను. హోల్డ్‌లో ఉందంటే, మళ్లీ ఎప్పుడు కనుక్కోమంటారు?"

"సోమవారం నేనే జేస్త సార్."

"సోమవారం. అలాగేనండీ. మా ఆవిడ కూరలకని వెళ్లింది. రాగానే చెప్తాను. పాపం, సంతోషిస్తుంది."

ఫోను పెట్టేశాక ఆవిడ లేచి కొంగుతో మొహం తుడుచుకుంది. "వస్తానండీ. కూరలు కొనుక్కుని వెళ్లాలి కదా" అంది. కిటికీలోంచి చూస్తే మార్కెట్‌లోకి వెళ్లి, ఒక బండి దగ్గర నిలబడి, బెండకాయల తొడిమలు విరిచి చూస్తోంది.

ఇక్కడ ప్రభాకరం గారికి ఉద్యోగం తెప్పించి, కంపెనీ కారు కూడా పంపించి కథ ముగించడం నాకు చిటికెలో పని. ఎన్నో కథలు అలాగే ముగించాను. ఈ ఒక్కటి మాత్రం జరిగినట్టే రాస్తున్నాను. మందుల కంపెనీ ఒక కుర్రాణ్ని తీసుకుంది. ప్రభాకరం గారికి మా ద్వారా ఉద్యోగం రాలేదు, మరెవరి ద్వారా వచ్చినట్టూ వినలేదు. నర్సింగరావు ప్రతి సోమవారం ఫోన్ చేస్తూ వచ్చాడు, ఆయన మంచం దిగి ఫోను ఎత్తుతూ వచ్చాడు. కొన్నాళ్లకు ప్రొఫైల్ సంగతి ఇద్దరూ ఎత్తడం మానేశారు. మోకాళ్ల నొప్పులు, నీళ్ల ట్యాంకర్లు, క్రికెట్టు. ఆ మాటలు ఎందుకు మొదలయ్యాయో ఇద్దరికీ తెలుసు. మిగతా క్యాండిడేట్లకు మాత్రం ఆవిడ వచ్చి వెళ్లిన వారం నుంచే హోల్డ్ అని తడబడకుండా చెప్పడం వచ్చేసింది నర్సింగరావుకు. నేను దిగిపోయాక టీమ్ లీడ్ అయ్యాడని విన్నాను.

ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. వద్దు అనే మాట పుట్టేది క్లయింటు దగ్గర. దాన్ని ఇంకో ఇంట్లో దించి రావలసింది మనం. దించే ఇంట్లో దాన్ని ఎవరు మోస్తారో మనకు తెలియదు. అడిగే ఆచారం ఈ వృత్తిలో లేదు. నిజం చెబితే ఏమవుతుందో చూశాను, హోల్డ్ అంటే ఏమవుతుందో కూడా చూశాను. రెండింట్లో ఏది తక్కువ హాని అని అడిగితే, ఇంటింటికీ జవాబు మారుతుందని తప్ప నాకు ఇంకేమీ తెలియలేదు.